పాపమునకు మూలమెక్కడ? యూద, కతోలిక దృక్పథములు

మేలేదో తెలిసియు దానిని చేయలేకపోవుట, కీడేదో ఎరిగియు దానివైపునకే ఒరగుట మానవ జీవితమున నిత్యానుభవము. తనకు ఇచ్ఛ లేకున్నను మనుజుడు పాపమునకేల లోనగునని అర్జునుడు కురుక్షేత్రమున శ్రీకృష్ణుని ప్రశ్నించెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున పౌలు రోము నగరమందలి విశ్వాసులకు వ్రాసిన లేఖలో, తాను కోరిన మేలును చేయజాలక, కోరని కీడునే చేయుచున్నానని వాపోయెను. దేశకాలములు వేరైనను వేదన ఒక్కటియే.

ఈ ప్రశ్న కేవలము పండితుల వాదమునకు సంబంధించినది కాదు. ఒకే తప్పునకు నూరుమారులు లోనై, నూరుమారులు పశ్చాత్తాపపడి, మరల అందులోనే పడినవాడొకడు గలడనుకొనుడు. తన స్వభావమే యిట్టిదని అతడు తలచినచో ప్రయత్నమును మానివేయును. తప్పంతయు తనదే, లేచుటయు తన బలముచేతనే జరుగవలెనని తలచినచో, ఆ బలము చాలదని తెలిసిననాడు నిరాశలో మునిగిపోవును. పాపమునకు మూలమిదియని చెప్పబూనిన మతమేదైనను అట్టివానికి మేలు చేయు సమాధానమును చెప్పవలసియున్నది. యూదమతము, కతోలిక క్రైస్తవము ఈ సమాధానమును ఒకే పురాతన కథలో వెదకినవి. కాని అవి నడచిన త్రోవలు వేరు.

ఆ కథ హీబ్రూ ధర్మగ్రంథమగు ఆదికాండమున రెండు, మూడు అధ్యాయములలో కలదు. దేవుడు ఆదామును మట్టితో నిర్మించి, ప్రాణవాయువు నూది, ఏదెను తోటలో నుంచెను. ఒక్క వృక్షఫలమును మాత్రము తినరాదని ఆజ్ఞాపించెను. సర్పము ప్రేరేపింపగా హవ్వ ఆ ఫలమును తిని భర్తకును ఇచ్చెను. అంతట వారికి తమ నగ్నత్వము తెలిసి సిగ్గు కలిగెను. వారు చెట్లచాటున దాగిరి. తుదకు ప్రయాసయు, ప్రసవవేదనయు, మరణమును వారి పాలయ్యెను. వారు తోటనుండి వెడలగొట్టబడిరి.

ఈ కథను సావధానముగ చదివినవారికి ఒక విశేషము గోచరించును. పాపము అను పదము ఇందెక్కడను లేదు. సర్పమును సైతానని మూలగ్రంథము పేర్కొనలేదు. ఆదాము సంతానమంతయు దోషముతోనే పుట్టునని అందు చెప్పబడలేదు. పాపమను మాట మొదటిసారి వినవచ్చునది తరువాతి అధ్యాయమున, కయీను కథలో. తమ్ముడగు హేబెలుపై అసూయతో మండుచున్న కయీనును దేవుడు హెచ్చరించును: పాపము వాకిట పొంచియున్నది, దాని కోరిక అతనిపై గలదు, అయినను అతడు దానిని ఏలగలడని ఆ హెచ్చరిక సారాంశము. కయీను ఆ మాటను చెవినిడక తమ్ముని చంపెను. మొదటి కథలో పతనము కలదు. రెండవ కథలో దానిని జయింపవచ్చునను భరోసా కలదు. యూదాచార్యులు తమ బోధకు ఈ భరోసాను పునాదిగ గైకొనిరి.

వారి బోధలో ప్రధానమైన పదము 'యేత్సెర్'. కుమ్మరి మట్టిని మలచునట్లు రూపొందించుట అను అర్థముగల ధాతువునుండి ఈ పదము పుట్టినది. హృదయమున రూపుదాల్చు వాంఛకు, ప్రవృత్తికి ఇది పేరు. ఈ దేశమున వాసన అను మాటతో చెప్పబడు భావమునకు ఇది కొంత దగ్గరగ నున్నను, పూర్వజన్మల ప్రసక్తి ఇందు లేదు. దేవుడు నరుని నిర్మించెనని చెప్పుచోట హీబ్రూ మూలమున ఆ క్రియాపదము రెండు 'యోద్' అక్షరములతో వ్రాయబడియున్నది. ఒక్క అక్షరము చాలినచోట రెండేలయని ఆచార్యులు విచారించి, మానవునిలో రెండు ప్రవృత్తులు గలవనుటకు అది సూచనయని వ్యాఖ్యానించిరి. ఒకటి సత్ప్రవృత్తి, రెండవది దుష్ప్రవృత్తి.

ఇందు ఆశ్చర్యకరమగు విషయమేమనగా, దుష్ప్రవృత్తి సైతము దైవసృష్టియే. అది పతనమువలన కలిగిన రోగము కాదు. అది లేనిచో ఎవడును ఇల్లు కట్టడు, పెండ్లి చేసికొనడు, సంతానమును కనడు, వ్యాపారము చేయడు అని ఆదికాండముపై వెలసిన ప్రాచీన మిద్రాష్ వ్యాఖ్య చెప్పుచున్నది. తల్మూదునందు దీనినే తెలుపు కథ యొకటి కలదు. పూర్వమొకప్పుడు పెద్దలు ప్రార్థించి దుష్ప్రవృత్తిని పట్టి బంధించిరట. మూడు దినములు అది చెరలో నుండెను. ఆ మూడు దినములలో ఇశ్రాయేలు దేశమంతయు వెదకినను రోగికి పెట్టుటకు క్రొత్తగ పెట్టిన కోడిగ్రుడ్డు ఒక్కటియైనను దొరకలేదు. కోరికతోపాటు సృష్టియే స్తంభించినదని గ్రహించి, వారు దానిని చంపక, కన్నులు పొడిచి విడిచిపెట్టిరి. కోరికను నిర్మూలించినచో జీవితమే నిలిచిపోవును, అదుపులేక విడిచినచో జీవితము చెడును అని ఈ కథ నేర్పుచున్నది.

కావున యూదాచార్యుల దృష్టిలో సాధన యనగా ఈ శక్తిని అదుపులో నుంచి సన్మార్గమున నడపుట. దుష్ప్రవృత్తి శిశువుతోనే వచ్చుననియు, సత్ప్రవృత్తి పదమూడవ యేట మేల్కొనుననియు ఒక ప్రాచీన గ్రంథమున కలదు. బాలుడు ధర్మశాస్త్రమునకు బాధ్యుడగు వయస్సు అదియే. దుష్ప్రవృత్తి వ్యాధియైనచో తోరా, అనగా ధర్మశాస్త్రము, దానికి ఔషధమని తల్మూదు బోధించుచున్నది. భక్తుడగు యూదుడు ప్రతి ఉదయమున దేవుడు తనకొసగిన ఆత్మ నిర్మలమైనదని ప్రార్థనలో ఒప్పుకొనును. నిన్న చేసిన తప్పు నిన్నటిది. నేడు లేచిన ఆత్మ పరిశుద్ధము.

ఒకరి దోషము మరియొకరిపై పడుననుటను హీబ్రూ ప్రవక్తలలో కొందరు గట్టిగ నిరాకరించిరి. క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దమున యూదులు బబులోనునకు చెరపట్టబడిరి. తండ్రులు పుల్లని ద్రాక్షలు తినగా తమ పండ్లు పులిసినవను సామెత అప్పుడు వారి నోట నుండెను. పితరుల పాపమునకు తామేల బాధపడవలెనని వారి గోడు. యెహెజ్కేలు ప్రవక్త ఆ సామెతను ఇక పలుకవలదని వారించి, ఎవని తప్పునకు వాడే బాధ్యుడనియు, దుర్మార్గుడు మరలివచ్చినచో బ్రదుకుననియు ప్రకటించెను. మరలివచ్చుట యనునదే హీబ్రూ భాషలో పశ్చాత్తాపమునకు పేరు: 'తెషూవా'. పన్నెండవ శతాబ్దమున మైమోనిడీసు తన ధర్మసంహితలో పశ్చాత్తాపమునకు ప్రత్యేక ప్రకరణమును కేటాయించి, ఎవడును పుట్టుకతోనే ధర్మాత్ముడుగనో దుష్టుడుగనో నిర్ణయింపబడడని నొక్కిచెప్పెను. ఏటేట వచ్చు యోమ్ కిప్పూర్ అను ప్రాయశ్చిత్త దినమున యూదులు ఉపవసించి దేవుని క్షమను వేడుదురు. అయినను ఆ దినము దేవునియెడల చేసిన అపరాధములను మాత్రమే తుడుచును; తోటివానియెడల చేసిన అపరాధము, ముందుగ వాని కడకు పోయి వానిని సమాధానపరచిననే గాని తీరదు.

యూదులందరును ఒకే మాట చెప్పిరనుట సత్యము కాదు. క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును నేలమట్టము చేసిన పిమ్మట, ఆ శోకమునుండి పుట్టిన రెండు గ్రంథములు ఈ విషయమున భిన్నముగ పలికినవి. ఎజ్రా పేరిట వెలసిన గ్రంథమున, ఆదాము పాపము ఆతనితో పోక సంతానమంతటి పతనమైనదని ఆక్రోశము కలదు. బారూకు పేరిట వెలసిన గ్రంథమున, ప్రతివాడును తనకు తానే ఆదాము అని ప్రత్యుత్తరము వంటి మాట కలదు. సర్పము హవ్వలో మాలిన్యమును చొప్పించినదనియు, సీనాయి కొండకడ నిలిచిన ఇశ్రాయేలీయులనుండి ఆ మాలిన్యము తొలగిపోయినదనియు తల్మూదున ఒక అభిప్రాయము వినవచ్చును. అయితే ఆదాము పాపము సంక్రమించుననునది యూదమతమున సిద్ధాంతముగ స్థిరపడలేదు.

అది స్థిరపడినది క్రైస్తవమున. దానికి బీజము వేసిన పౌలు యూదుడే. రోమీయులకు వ్రాసిన లేఖ ఐదవ అధ్యాయమున ఆతడు, ఒక్క మనుష్యునిద్వారా పాపమును, పాపముద్వారా మరణమును లోకమున ప్రవేశించినవనెను. ఆదామును నిందించుట పౌలు ఉద్దేశము కాదు. ఒక్కనివలన అందరును పడినట్లే, క్రీస్తను ఒక్కనివలన అందరును లేచుదురని చూపుటయే ఆతని తాత్పర్యము. పతనమును గూర్చిన మాట ఉద్ధరణమును గూర్చిన మాటకు పీఠిక మాత్రమే. ఆ వాక్యము చివర గ్రీకు మూలమును అందరును పాపము చేసినందున అని అనేకులు అర్థము చెప్పుదురు. ప్రాచీన లాటిను అనువాదము మాత్రము, ఆతనియందు అందరును పాపము చేసిరను భావమున కవకాశమిచ్చినది. లాటిను మూలమును చదివిన మహామేధావి యొకడు ఈ భావమును సిద్ధాంతముగ విస్తరించెను. ఆతడే అగస్టీను.

అగస్టీను 354లో ఉత్తరాఫ్రికాయందలి తగాస్తె పట్టణమున జన్మించి, 430లో హిప్పో నగరమున మరణించెను. తన ఆత్మకథలో ఆతడు పదునారేండ్ల ప్రాయమున స్నేహితులతో కూడి బేరిపండ్లను దొంగిలించిన సంగతిని వివరించెను. వారికి ఆకలి లేదు. అంతకన్న మంచి పండ్లు ఇంటనే కలవు. దొంగిలించిన పండ్లలో నధికభాగమును పందులకు వేసిరి. కోరినది పండును కాదు, తప్పునే. ఏ ప్రయోజనమును లేని చెడును హృదయమేల ప్రేమించినదని ఆతడు ఏండ్లు గడచిన పిమ్మటను తన్ను తాను ప్రశ్నించుకొనెను. తల్లిపాలు త్రాగు తోడి శిశువును చూచి అసూయతో ముఖము పాలిపోయిన పసివానిని సైతము ఆతడు గమనించెను. 386లో తన జీవితము మారినపుడు, అది తన పట్టుదలచే గాక దేవుని కృపచేతనే జరిగినదని దృఢముగ నమ్మెను.

ఆతనికి ప్రతివాదిగ నిలిచినవాడు బ్రిటన్ దేశమునుండి రోమునకు వచ్చిన పెలాగియుస్ అను తపస్వి. దేవుడు ఆజ్ఞాపించినచో దానిని నెరవేర్చు శక్తి నరునికుండితీరవలెనని పెలాగియుస్ వాదము. ఆదాము చెడ్డ మార్గమును చూపెనే గాని చెడ్డ స్వభావమును అంటగట్టలేదని ఆతని పక్షము. సోమరులగు విశ్వాసులు బలహీనతను సాకుగ చెప్పుట ఆతనికి సహింపరాకుండెను. అగస్టీను మాత్రము బలహీనత సాకు కాదనియు, తాను స్వయముగ ననుభవించిన సత్యమనియు చెప్పెను. పసిబిడ్డలకు సైతము పాపక్షమకై జ్ఞానస్నానమిచ్చు ఆచారము సంఘమున కలదు గదా, వారికి పాపమే లేనిచో ఆ స్నానమేలయని ఆతడు ప్రశ్నించెను. 418లో కార్తేజి సభ పెలాగియుస్ బోధను ఖండించెను.

ఇచ్చట సిద్ధాంతము మిక్కిలి కఠినమైన మలుపు తిరిగినది. జ్ఞానస్నానము పొందక మరణించిన శిశువునకు, అతి తేలికపాటిదైనను, శిక్ష తప్పదని అగస్టీను చెప్పవలసివచ్చెను. న్యాయవంతుడగు దేవుడు ఎరుగని శిశువును దండించునాయని జూలియనను బిషప్పు ఆతని నిలదీసెను. ఈ ప్రశ్న కతోలిక సంఘము మనస్సును విడువలేదు. మధ్యయుగపు పండితులు అట్టి శిశువులకు బాధలేని 'లింబో' యను స్థితిని ఊహించిరి. 2007లో వాటికనునందలి అంతర్జాతీయ వేదాంత సమితి, అట్టి శిశువులు దేవుని కృపచే రక్షింపబడుదురని ఆశించుటకు బలమైన ఆధారములు కలవని ప్రకటించెను. ఒక ప్రశ్న సమాధానపడుటకు పదునారు శతాబ్దములు పట్టినదనిన, దాని బరువెంతయో గ్రహింపవచ్చును.

అగస్టీను మాట యంతయు సంఘము సిద్ధాంతము కాలేదు. పదుమూడవ శతాబ్దమున తామసు అక్వినాసు, జన్మపాపమనగా ఆదియందలి సమత్వమును, దైవానుగ్రహమును కోల్పోవుటయని వివరించెను. అది లోపము, ఎవరో చేర్చిన విషము కాదు. 1546లో ట్రెంట్ మహాసభ ఈ విషయమును నిర్ణయించెను. ఆదాము పాపము అనుకరణమువలన గాక వంశపరంపరగ సంక్రమించును. జ్ఞానస్నానము దానిని తొలగించును. అయినను దుర్వాంఛ మిగిలియుండును. ఆ దుర్వాంఛయే పాపమని మార్టిన్ లూథరు బోధింపగా, మహాసభ అంగీకరింపలేదు. అది పాపమునుండి పుట్టి పాపమునకు లాగును గాని, తానుగ పాపము కాదు. పోరాటమునకై అది విడువబడినది. దానికి లొంగక నిలిచినవానికి అది హాని చేయజాలదు. 1992లో వెలువడిన కతోలిక సంఘపు సత్యోపదేశ గ్రంథము మరియొక మెట్టు స్పష్టపరచినది: జన్మపాపము చేసిన పాపము కాదు, పొందిన స్థితి, అది ఎవని వ్యక్తిగతాపరాధమును కాదు, మానవస్వభావము గాయపడినదే గాని పూర్తిగ చెడిపోలేదు.

ఈ మాటలను యూదుల యేత్సెర్ ప్రక్క నుంచి చూచినచో, రెండు త్రోవలును ఒకచోట సమీపించినట్లు కానవచ్చును. కోరిక తానుగ పాపము కాదు, దానికి లొంగుటయే పాపమని ఇరువురును చెప్పుచున్నారు. భేదము కోరిక పుట్టుక విషయమున నున్నది. యూదునికి అది సృష్టిలోని భాగము. కతోలికునికి అది పోగొట్టుకొన్న సమత్వముయొక్క గురుతు. అందుచే యూదునికి ముఖ్యమైనది మరలివచ్చుట. కతోలికునికి ముఖ్యమైనది ఉద్ధరింపబడుట.

ప్రతి త్రోవకును దాని అపాయము కలదు. మరలివచ్చు శక్తి నరునిదే యన్నచో, బలహీనుడు నిరాశ చెందవచ్చును. స్వభావమే గాయపడినదన్నచో, సోమరి దానిని సాకు చేసికొనవచ్చును. కాని ప్రతి సంప్రదాయమును తన అపాయమునకు తనలోనే విరుగుడు నుంచుకొన్నది. నరుని దుష్ప్రవృత్తి ప్రతిదినమును విజృంభించుననియు, దేవుడు సాయపడనిచో నరుడు దానిని గెలువజాలడనియు తల్మూదే చెప్పుచున్నది. స్వేచ్ఛ క్షీణించినను నశింపలేదని ట్రెంట్ సభయే ప్రకటించినది. పాపసంకీర్తనమునకు వచ్చు కతోలికుడు ఆదాము పాపమును ఒప్పుకొనడు. తాను చేసిన దానినే ఒప్పుకొని, పశ్చాత్తాపపడి, పరిహారము చేయవలెను. కృపను మరువని స్వప్రయత్నము, స్వప్రయత్నమును మరువని కృప: రెండు మతములును తమ శ్రేష్ఠమైన బోధలో ఈ సమన్వయమునే కాపాడుకొన్నవి.

దీనిని మరచినచోట ఘోరములు జరిగినవి. యేసు మరణమునకు నాటి కొందరిని గాక యూదజాతినంతటిని, తరతరముల సంతానమును నిందించు అలవాటు క్రైస్తవ దేశములలో శతాబ్దములపాటు సాగెను. అది జన్మపాప సిద్ధాంతము కాదు. అయినను పితరుల దోషమును బిడ్డల నెత్తిన మోపుట ఎంత సులభమో, ఎంత క్రూరమో అది చూపినది. ట్రెంట్ సభ వెంట 1566లో వెలువడిన ఉపదేశ గ్రంథము, ఆ మరణమునకు యూదులకన్న పాపులగు క్రైస్తవులే ఎక్కువ బాధ్యులని చెప్పియుండెను, వినినవారు తక్కువ. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ, ఆ నింద నాటి యూదులందరిపై గాని నేటి యూదులపై గాని మోపరాదని ప్రకటించెను. పుల్లని ద్రాక్షల సామెతను యెహెజ్కేలు వారించిన ఇరువదియైదు శతాబ్దములకు ఆ మాట మరల వినబడినది.

మరల ఆ తోటకే పోయి చూచినచో, కథలోనే ఒక మేలైన సూచన దొరకును. ఆదాము చెట్లచాటున దాగినపుడు, తప్పునకు మూలమెవరని దేవుడు మొదట ప్రశ్నింపలేదు. ఆతడెక్కడ నున్నాడని పిలిచెను. మూలమును వెదకినవాడు ఆదామే. తనకు తోడుగ ఇయ్యబడిన స్త్రీ ఇచ్చినదని ఆతడనెను. ఆ మాటలో స్త్రీపై నిందయు, ఆమెను ఇచ్చిన దేవునిపై నిందయు కలవు. స్త్రీ సర్పమును చూపెను. పాపమునకు మూలమును వెదకుటయే పాపమునకు చాటుగ మారుట మానవునికి ఆనాటినుండియు అలవాటైనది.

నూరుమారులు పడినవానికి యూదాచార్యుడు వాకిలి తెరచియే యున్నదనియు, మరలి రమ్మనియు చెప్పును. కతోలిక గురువు, ఎత్తు చేయి ముందే చాపబడియున్నదనియు, పట్టుకొమ్మనియు చెప్పును. మూలమును గూర్చి వారి వాదము తీరలేదు, తీరకపోవచ్చును. కాని ఎక్కడ నున్నావను పిలుపునకు, చాటు విడిచి, మరియొకరిని చూపక, ఇచ్చట నున్నానని పలుకవలసినది ఎవనికి వాడే. ఆ పలుకుతోనే మరలివచ్చుటయు మొదలగును, కృపయు లభించును.